డీసీబీ రిజిస్టరులో లేని లోటు

పలాస దాటి ఉద్దానంలోకి పోయే దారిలో, కొబ్బరితోటల నడుమ ఓ చిన్న పంచాయతీ కార్యాలయం. మార్చి నెల కాబట్టి లోపల పన్నుల సందడి. బల్ల మీద అట్ట ఊడిన పొడవాటి రిజిస్టరు పరిచి ఉంది. దీన్ని అందరూ డీసీబీ అంటారు. డిమాండు, కలెక్షను, బ్యాలెన్సు. ఎడమన ఇంటి నంబరు, యజమాని పేరు, ఇంటిపన్ను, దానిమీద గ్రంథాలయ పన్ను, కుళాయి ఉంటే నీటిపన్ను. నడుమ వసూలైంది, కుడిపక్క చివర బకాయి. కొన్ని పేర్ల ఎదురుగా ఎర్రసిరాతో ఒక్కటే మాట ఉంది: తాళం. ఇల్లు ఇక్కడ, మనిషి హైదరాబాదులోనో చెన్నైలోనో గుజరాత్‌లోని వేరావల్ రేవులోనో. సంక్రాంతికో గ్రామదేవత పండక్కో వచ్చినప్పుడు రెండేళ్లది ఒకేసారి కట్టి పోతాడు. పన్ను కట్టడానికి వచ్చిన ఓ ముసలామె చేతికిచ్చిన కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుని, 'ఈయేడు రసీదు రంగు మారిందేటి బాబూ?' అని అడిగింది. కార్యదర్శి గారు నవ్వి, తరువాతి పేరు పిలిచారు.

ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు ఊరి బొక్కసానికి ఏమవుతుందో చూద్దామని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొన్ని చోట్లకు వెళ్లాను. జనం చేతిలో డబ్బు ఆడకపోతే పన్ను కట్టరు, పన్ను రాకపోతే పంచాయతీ కుదేలవుతుంది అన్నది మామూలుగా అందరూ వేసే లెక్క. డీసీబీ ముందు కూర్చుంటే ఆ లెక్క పూర్తిగా నిలబడదు. ఇంటిపన్ను మనిషి సంపాదన మీద వేసింది కాదు, ఇంటి విలువ మీద వేసింది. జీడిపిక్కల ధర పడిపోయినా, వేరావల్ పడవల మీద పని ఆగినా, గోడలూ కప్పూ అలాగే ఉంటాయి కనుక డిమాండు అలాగే ఉంటుంది. వసూలు వెనకా ముందూ అవుతుంది తప్ప ఒక్క ఏడాదిలో మాయమైపోదు. పైగా ఆ మొత్తమే చిన్నది. ఇల్లు ఒకటికి ఏడాదికి కట్టేది ఓ రోజు కూలికి అటూ ఇటూగా ఉండే పేజీలు ఈ రిజిస్టరులో చాలా ఉన్నాయి.

2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. సంతలు వెలవెలబోయాయి, కూలీలకు ఇవ్వడానికి చిల్లర లేదు. అయినా మున్సిపాలిటీల్లో, పంచాయతీల్లో పన్ను వసూళ్లు అంతకుముందు లేనంతగా పెరిగాయి. పాత 500, 1,000 నోట్లతో పన్నులు కట్టవచ్చని ప్రభుత్వం గడువిచ్చింది, ఆ గడువును పొడిగించింది కూడా. ఏళ్ల తరబడి మొండికేసిన బకాయిలు ఆ రెండు వారాల్లో కౌంటరు దగ్గరికి నడిచొచ్చాయి. దేశమంతా నగదుకు కటకటలాడిన నెలలో స్థానిక సంస్థల పన్నుల పద్దు నిండింది. ఇది విడ్డూరమైన సందర్భమే, దీన్ని సూత్రం చేయకూడదు. కానీ ప్రజల కష్టానికీ పంచాయతీ కష్టానికీ నడుమ మనం ఊహించుకునే తిన్నని దారి లేదని మాత్రం ఇది చూపిస్తుంది.

దారి ఇంకోచోట ఉంది. అది కనిపించాలంటే డీసీబీ మూసి క్యాష్‌బుక్ తెరవాలి. పంచాయతీకి సొంత పన్ను కాకుండా వచ్చేవి చాలా ఉన్నాయి. ఊళ్లో స్థలం చేతులు మారితే రిజిస్ట్రేషన్ కార్యాలయంలో స్టాంపు డ్యూటీతో పాటు ఒకటిన్నర శాతం బదిలీ సుంకం కట్టించుకుంటారు. అది పంచాయతీకి మూడు, మండల పరిషత్తుకు ఒకటి, జిల్లా పరిషత్తుకు ఒకటి వంతున పంచవలసిన సొమ్ము. టెక్కలి దారిలో గ్రావెల్ గుట్టలు, కంకర క్రషర్లు వరసగా కనిపిస్తాయి. వాటి తవ్వకం మీద వసూలు చేసే సీనరేజీ రుసుములో స్థానిక సంస్థలకు వాటా ఉంది. వృత్తిపన్ను ఒకప్పుడు స్థానిక సంస్థలే వసూలు చేసుకునేవి. 1987 చట్టంతో రాష్ట్రం దాన్ని తన చేతిలోకి తీసుకుని, బదులుగా పరిహారం ఇస్తానంది. దాని గరిష్ఠ పరిమితి ఏడాదికి 2,500 రూపాయలని 1988లో రాజ్యాంగ సవరణతో పెట్టారు, ఈ రోజుకూ అదే అంకె. తలసరి గ్రాంటు సంగతి మరీ చోద్యం: పంచాయతీకి తలకు ఏడాదికి 4 రూపాయలు. స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకోడానికి మైనరు పంచాయతీకి ఇచ్చేది 100 రూపాయలు, మేజరు పంచాయతీకి 250గా దశాబ్దాలు గడిచి, 2024లో గానీ 10,000కూ 25,000కూ పెరగలేదు. వంద రూపాయలతో జెండా ఎగరేసి పిల్లలకు మిఠాయి పంచినట్టు ఏటా వోచరు రాసిన గుమాస్తాల ఓపికకు దండం పెట్టాలి.

సంక్షోభం మొదట తగిలేది ఈ రెండో రకం రాబడికి. భూముల బేరాలు నిలిచిపోతే ఆ నెలే బదిలీ సుంకం నిలిచిపోతుంది. ఇల్లు కట్టేవాళ్లు ఆగితే కంకర లారీ ఆగుతుంది, దాంతో సీనరేజీ ఆగుతుంది. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్‌లో ఈ రెండూ ఒక్కసారే ఆగాయి. కానీ నేను చెప్పదలచుకున్నది దీనికంటే లోతైన సంగతి. ఈ సొమ్ము నేరుగా పంచాయతీకి రాదు, రాష్ట్రం చేతుల మీదుగా వస్తుంది. పంచాయతీ తానే వసూలు చేసుకున్న ఇంటిపన్ను కూడా ట్రెజరీలో జమ అవుతుంది. 2018 నుంచి బిల్లులు సీఎఫ్‌ఎంఎస్ అనే కంప్యూటరు వ్యవస్థ గుండా పోతున్నాయి. అంటే రాష్ట్ర ఖజానాకు ఊపిరాడకపోతే, పంచాయతీ ఖాతాలో అంకె ఉన్నా చెక్కు చెల్లదు. 'ఫ్రీజింగ్ ఉంది' అనే రెండు మాటలు ఈ జిల్లాల్లో పంచాయతీ కార్యదర్శికీ కాంట్రాక్టరుకూ బాగా పాతవి. రాష్ట్రానికి జలుబు చేస్తే బిల్లు ఇక్కడ ఆగుతుంది.

2020 మార్చి నెల జీతాల్లోనే ఆ ఊపిరాడనితనం కనిపించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల జీతంలో సగం వాయిదా వేసింది, ముఖ్యమంత్రి మొదలు ప్రజాప్రతినిధులది పూర్తిగా ఆపింది. అదే సమయంలో ఊళ్ల మీద పడ్డ పని చూడండి. ఏప్రిల్ చివర, మే మొదట్లో వేరావల్‌లో చిక్కుకుపోయిన వేలమంది ఉత్తరాంధ్ర మత్స్యకారులను బస్సుల్లో తీసుకొచ్చారు. తక్కిన వలసకూలీలు రైళ్లలో, లారీల్లో, కాలినడకన వచ్చారు. వాళ్లను బడిలో ఉంచి కనిపెట్టుకోవడం, వీధులకు బ్లీచింగ్ చల్లించడం, మంచినీళ్లు, చెత్త, ఇవన్నీ పంచాయతీ పనులే. ఉపాధి హామీ పనులకు జనం ఎన్నడూ లేనంతగా ఎగబడ్డారు, ఆ ఏడాది రోజు కూలి 237 రూపాయలు. కేంద్రం ఇచ్చే ఆ కూలి కార్మికుడి ఖాతాకు నేరుగా పోయింది కాబట్టి ఊరు కొంత తేరుకుంది. పంచాయతీకి మాత్రం అలా నేరుగా వచ్చే దారి లేదు. పైగా అప్పటికి సర్పంచులే లేరు. పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో 14వ ఆర్థిక సంఘం చివరి రెండేళ్ల వాటా చిక్కుల్లో పడింది. రోగం రాకముందే ఇంట్లో గింజలు అయిపోయాయన్నమాట.

2021 ఏప్రిల్‌లో కొత్త సర్పంచులు కుర్చీ ఎక్కారు. కొన్ని నెలలకే, ఖాతాల్లో ఉండవలసిన ఆర్థిక సంఘం సొమ్ము లేదని రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. విద్యుత్ బకాయిల కింద ప్రభుత్వమే దాన్ని డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ సంస్థలకు, సర్దుబాటు చేసింది. ఉత్తరాంధ్రలో ఆ డిస్కం ఈపీడీసీఎల్. సర్పంచులు పార్టీల గీతలు చెరిపేసుకుని రోడ్డెక్కారు, భిక్షాటన చేసి నిరసన తెలిపారు. ఇందులో ప్రభుత్వం వైపు వాదన తీసిపారేయదగ్గది కాదు. వీధిదీపాలకూ మంచినీటి మోటార్లకూ కరెంటు వాడిన మాట నిజం. ఏళ్లుగా బిల్లు కట్టని మాటా నిజం. బాకీ పడ్డవాడి ఖాతాలోంచి బాకీ మినహాయించుకోవడంలో తప్పేముంది? ఉమ్మడి కష్టం వచ్చినప్పుడు ఉన్న డబ్బంతా ఒక కుండలో పోసి, ముందు ఆసుపత్రికీ జీతాలకూ ఇవ్వడం ఏ ఇంటి పెద్దయినా చేసే పనే కదా?

మొదటి ప్రశ్నకు జవాబు బాకీ పుట్టిన తీరులోనే ఉంది. పంచాయతీకి వృత్తిపన్ను పరిహారం, సీనరేజీ వాటా, బదిలీ సుంకం రాష్ట్రం సకాలంలో ఇచ్చి ఉంటే కరెంటు బిల్లు అంత పేరుకునేది కాదు. రాష్ట్రం పంచాయతీకి బాకీ, పంచాయతీ డిస్కంకు బాకీ. మొదటి బాకీకి తీర్పు లేదు, రెండోదానికి మాత్రం వెంటనే జప్తు. పైగా ఏ సర్పంచు సంతకంతో, ఏ తీర్మానంతో ఆ చెల్లింపు జరిగింది? మీటరు రీడింగు సరైనదేనా, పాడైన దీపాలకు కూడా బిల్లు వేశారా అని అడిగే అవకాశమే ఊరికి లేకపోయింది. రెండో ప్రశ్న ఇంకా బరువైనది. అయితే ఇంటి పెద్ద పోలిక ఇక్కడ సరిపోదు. ఆ డబ్బు పైవాళ్లు దయతలచి ఇచ్చింది కాదు. రాజ్యాంగం 280వ అధికరణం కింద ఏర్పడ్డ సంఘం లెక్కగట్టి, మంచినీరు, పారిశుద్ధ్యం అని పద్దు రాసి ఇచ్చింది. 15వ ఆర్థిక సంఘం 2021–26కు స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన 4,36,361 కోట్ల రూపాయల్లో గ్రామీణ సంస్థల వాటా 2,36,805 కోట్లు, అందులో 60 శాతం నీటికీ పారిశుద్ధ్యానికీ కట్టుబడ్డది. అంటురోగం ఊళ్లో ఉండగా బ్లీచింగు, నీళ్లు, చెత్త కంటే ముందుగా ఇవ్వవలసిన ఆసుపత్రి పద్దు ఏది? రాష్ట్రానికి అందిన పది పనిదినాల్లో సొమ్ము పంచాయతీకి చేరాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి అని నిబంధన పెట్టవలసి వచ్చిందంటేనే, కాలవ ఎక్కడ గండి పడుతోందో ఢిల్లీకి కూడా తెలుసని అర్థం.

ఇది ఈనాటి ముచ్చటా కాదు, ఒక పార్టీ ముచ్చటా కాదు. బొబ్బిలి కోట ముందు నిలబడితే 1930ల మాంద్యం గుర్తొస్తుంది. 1932 నవంబరులో బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పగ్గాలు పట్టేనాటికి ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తుతో పాటు వసూలయ్యే సెస్సు మీద బతికే జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు అల్లాడుతున్నాయి. ఆయన ప్రభుత్వం ఉండగానే 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. పొదుపు అన్నారు, సమర్థత అన్నారు. ఆ పొదుపులో నిజం ఉండొచ్చు. కానీ జిల్లాకూ ఊరికీ నడుమ ఎన్నికైన ఒక మెట్టు పోయింది. ఆ మెట్టు మళ్లీ వేయడానికి పంచాయతీ సమితులు వచ్చే 1959 దాకా పాతికేళ్లు పట్టింది. గడ్డుకాలంలో పైవాడు ముందు కోసేది కిందివాడి పద్దునే అనడానికి, ఉత్తరాంధ్ర మనిషి పాలనలోనే ఇంతకంటే పాత సాక్ష్యం వెతకనక్కర్లేదు.

నెల్లిమర్లలో నా వాదనకు ఎదురుదెబ్బ తగిలింది. ఇక్కడ బతుకంతా జూట్ మిల్లు సైరన్ చుట్టూ అల్లుకుంది. లాకౌట్ అన్న మాట ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. 1994 జనవరి 29న కార్మికుల ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయిన ఊరిది. మిల్లు ఆగితే వారం జీతం ఆగుతుంది, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లావెక్కుతుంది, అద్దె ఇళ్లు ఖాళీ అవుతాయి, ఆ తర్వాత ఇంటిపన్ను కూడా తప్పకుండా పడుతుంది. ఒక్క యజమాని మీద, ఒక్క సరుకు మీద ఆధారపడ్డ ఊరికి సంక్షోభం గుమ్మంలోంచే వస్తుంది. గరివిడి ఫెర్రో అల్లాయ్స్, సాలూరు, బొబ్బిలి మిల్లుల ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ కూల్చేసిన ఉద్దానం గ్రామాలకూ కొంతవరకు వర్తిస్తుంది. ఒప్పుకుంటాను. అయితే ఇటువంటి చోట్లే పైనుంచి వచ్చే సొమ్ము సకాలంలో రావలసిన అవసరం ఇంకా ఎక్కువ. మిల్లు మూతపడ్డంత మాత్రాన కార్మికుల లైన్లకు కుళాయి నీళ్లు ఆపలేరు. సొంత రాబడి పడ్డ ఊరిని నిలబెట్టడానికే గ్రాంటు ఉంది. రెండూ ఒకేసారి పడిపోయేలా ఏర్పాటు చేసుకుంటే ఇక దేనికి గ్రాంటు?

'వీళ్లు సొంతంగా పన్ను వేసుకోరు, ఓట్లు పోతాయని భయం. పైవాళ్ల మీద ఏడవడం దేనికి' అనే మాట శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ వినిపిస్తుంది. అందులో సగం నిజం. కొన్ని పంచాయతీల్లో ఇంటి విలువలు దశాబ్దం కిందటివే. మిగతా సగం విజయనగరం నగరపాలక సంస్థలో దొరుకుతుంది. 1888 నాటి మున్సిపాలిటీ ఇది. 2020లో రాష్ట్రాలకు అదనపు అప్పు తెచ్చుకునే వీలిస్తూ కేంద్రం షరతులు పెట్టింది. వాటిలో ఒకటి పట్టణ స్థానిక సంస్థల సంస్కరణ. అది చేస్తే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 0.25 శాతం మేర, ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్లు, అదనంగా అప్పు తీసుకోవచ్చు. 2020 నవంబరులో చట్టాలు సవరించారు. అద్దె విలువ మీద వేసే ఆస్తిపన్నును, 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి మూలధన విలువ మీదికి మార్చారు. ఒక ఏడాదిలో పెంపు 15 శాతం దాటకూడదన్నారు. విజయనగరం కార్పొరేషన్‌కు మొట్టమొదటి ఎన్నిక జరిగింది 2021 మార్చి 10న. అంటే కార్పొరేటర్లు ప్రమాణం చేసి కూర్చునేసరికి వాళ్లు వేయవలసిన పన్ను ఖాయమై ఉంది. పెరిగిన పన్ను నగరానికే వస్తుంది కదా అంటే, వస్తుంది, కాదనను. మూలధన విలువ పద్ధతి మెరుగైనదని కూడా నా అభిప్రాయం. కానీ ఆ పన్నును తాకట్టుగా చూపించి తెచ్చుకున్న అప్పు రాష్ట్రానిది, ఓటరు ఇంటి ముందు నిలదీసింది మాత్రం కార్పొరేటరును. పన్ను వేసే ధైర్యం లేదని తిట్టేముందు, వేసే అధికారం వాళ్ల చేతిలో ఎంత ఉంచామో చూసుకోవాలి. శ్రీకాకుళంలో ఆ మాట అడగడానికి కూడా ఎవరూ లేరు. 2010లో పాలకవర్గం గడువు ముగిశాక 2015లో కార్పొరేషన్ హోదా వచ్చింది, 2021లో రాష్ట్రమంతా పుర ఎన్నికలు జరిగినప్పుడూ ఇక్కడ జరగలేదు.

2008 మాంద్యం తర్వాత అమెరికా నగరాల అనుభవం ఈ రెండు జిల్లాలకు వింతగా దగ్గరగా ఉంది. అక్కడ ఇళ్ల ధరలు కూలినా ఆస్తిపన్ను వెంటనే కూలలేదు, మదింపు రెండు మూడేళ్లు వెనకబడి నడుస్తుంది కాబట్టి. ముందు కోత పడింది రాష్ట్రాలు ఇచ్చే సాయానికి. తేడా ఏమిటంటే అక్కడ లోటు కళ్లకు కనబడుతుంది. టీచర్లను, పోలీసులను తీసేస్తారు, బాండు రేటింగు పడిపోతుంది. మరీ ముదిరితే డెట్రాయిట్ 2013 జూలైలో చేసినట్టు, సుమారు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో కోర్టుకెక్కి దివాలా ప్రకటిస్తారు. మన పంచాయతీకి దివాలా తీసే హక్కు కూడా లేదు. బ్యాంకు అప్పివ్వదు, బాండు లేదు, సిబ్బందిలో ఎక్కువమంది జీతం రాష్ట్రం పద్దులో ఉంది. అందుకని సంక్షోభం ఇక్కడ ఏ బడ్జెట్ పుస్తకంలోనూ లోటుగా నమోదు కాదు. మూడు చోట్ల దాక్కుంటుంది: కట్టని కరెంటు బిల్లులో, చేసిన రోడ్డుకు డబ్బు రాని కాంట్రాక్టరు ఫైలులో, నెలలు దాటిన పారిశుద్ధ్య కార్మికుడి జీతంలో. రాజ్యాంగం ప్రకారం ఐదేళ్లకోసారి వేయవలసిన రాష్ట్ర ఆర్థిక సంఘం ఈ బాకీలను లెక్కగట్టాలి. మొదటిది 1994లో వేసిన రాష్ట్రంలో 2019కే ఆరోది రావాలి. ఐదోదే 2023లో వచ్చింది.

తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆ ఉద్దానం కార్యాలయం దగ్గర ఆగాను. సాయంత్రమైంది. డీసీబీ ఆరోజు వసూలు మొత్తం కట్టి మూసేశారు. కార్యదర్శి గారు రిజిస్టరును బీరువాలో పెట్టడానికి తలుపు తీస్తే, పై అరలో పురికొసతో కట్టిన ఈపీడీసీఎల్ బిల్లుల కట్ట ఉంది. అడుగున ఉన్నవి పసుపుపచ్చబడి అంచులు చిరిగాయి, పైన ఉన్నవి కొత్తవి. ఆ కట్టకు ఏ రిజిస్టరులోనూ వరస లేదని ఆయనే చెప్పారు. బయట వీధిలో ఐదు స్తంభాలకు దీపాలు వెలిగాయి. ఆరోదానికి వెలగలేదు.